గుడ్డ కట్టిన గుంత

బాలమణి ఒక్కో కర్ర ముందూ గొంతుకూర్చుని, ముడి విప్పి, ఆకుపచ్చ గుడ్డను మోకాలి మీద సాపు చేసి, మడిచి కొంగులో వేసుకుంటోంది. కర్ర పట్టి లాగితే గుడ్డతో సహా ఊడి వస్తుంది. అలా చేస్తే దిబ్బ మొత్తం ఖాళీ చెయ్యడానికి ఒక బీడీ తాగినంత సేపు పట్టదు. ఆమెకు తెలియక కాదు. తమ్ముడు నిలబడి చూడాలి, ఒక్కో ముడీ విప్పుతుంటే చూడాలి. అదీ ఆమె పంతం.

కురుమయ్య చూస్తూనే ఉన్నాడు. ఒంటి మీద తాబేళ్ళను కాపాడే సమితి వాళ్ళిచ్చిన ఖాకీ కోటు, మెడలో ఈల. అక్క ముందు ఆ ఈల వేలాడుతుంటే సిగ్గనిపించి కోటు లోపలికి తోసుకున్నాడు. ఒకసారి వంగి పక్క కర్ర మీద చెయ్యి వేస్తే, బాలమణి ఆ చేతిని పురుగును దులిపినట్టు దులిపేసింది.

ఏటి నడుమ దిబ్బకు గట్లుండవు. వరద వచ్చి పోయినప్పుడల్లా దాని ముఖం మారిపోతుంది. నిరుడు ఎవరి జాగా ఎక్కడో చెప్పడానికి ఒక రాయి కూడా మిగలదు. అందుకని చింతరేవు ఊరికి గుడ్డే గట్టు. కృష్ణ సన్నబడి దిబ్బ తేలగానే ఇంటికొక రంగు చొప్పున పాత చీరలు చింపుతారు. చెమ్మ తగిలేదాకా గుంత తీసి, మేక ఎరువూ ఒండ్రూ కలిపి నింపి, కర్బూజ గింజలు పెట్టి, పక్కన కర్ర పాతి గుడ్డ కడతారు. గుడ్డ కట్టిన గుంతను ఇంకొకరు ముట్టరు. కోపాలున్న ఇళ్ళవాళ్ళు కూడా ముట్టరు. ఊళ్ళో చేను గట్ల మీద తలలు పగిలాయి గానీ, దిబ్బ మీద గుంత కోసం పంచాయితీ అయిందని ఎవరూ వినలేదు. బాలమణి ఇంటి రంగు ఆకుపచ్చ.

ఈ ఏడు గుంతలు తీశారు, ఎరువు మోశారు, గింజలు కూడా పెట్టారు. అప్పుడొచ్చింది బోర్డు. ‘తాబేళ్ళు గుడ్లు పెట్టు స్థలం. మనుషులు అడుగు పెట్టరాదు’ అని నీలం రంగు మీద తెల్లక్షరాలు, కింద హైదరాబాదు సమితి పేరు, 2007 అని సంవత్సరం. మిగతా ఇళ్ళవాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. బాలమణి వెళ్ళలేదు. ఆమె మొగుడు హన్మంతు నడుం పడిపోయినప్పటి నుంచి ఆ ఇల్లు ఎండాకాలం నడిచేది ఈ కర్బూజల మీదే.

ఆమెను ఒప్పించింది కురుమయ్యే. సమితి సారు శ్రవణ్ కుమార్ చెప్పినట్టు జీవజాలమనీ, నదీ ఆరోగ్యమనీ చెప్పలేదు. అవి అతనికే సరిగ్గా అర్థం కాలేదు. తనకు తెలిసిన మాట చెప్పాడు.

“తాబేలు గూడ గుంత దీసుకుంది అక్కా. గుడ్డ కట్టుకునుడు దానికి రాదు. గందుకే దాని తరఫున నేను గట్టిన. గుడ్డ కట్టిన గుంత మనం ముడ్తమా?”

ఆ మాట మీదే బాలమణి ముడులు విప్పడానికి వచ్చింది. దిబ్బ ఎత్తున అక్కడక్కడ ఎర్ర గుడ్డలు ఎగురుతున్నాయి. తెల్లారి దిబ్బ మీద తిరిగి, తాబేలు పాక్కుంటూ వచ్చిన జాడ పట్టుకుని, అది కప్పి నున్నగా చేసి పోయిన చోటు వెతికి, పక్కన కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టింది కురుమయ్య. సారు ప్లాస్టిక్ ముక్కలు ఇస్తానంటే, వద్దు సారూ మా ఊళ్ళో గుడ్డకే మర్యాద అన్నాడు. శ్రవణ్ కుమార్ ఆ మాట ఇంగ్లీషులో రాసుకుని, చాలా బాగుంది అని భుజం తట్టాడు. కురుమయ్య ఆ తట్టుడుకు పొంగిపోయాడు కూడా. ఆనకట్ట మీద రోడ్డు పడ్డాక ఏరు దాటడానికి అతని పుట్టి ఎక్కే దిక్కు లేదు. పుట్టి నడిపినవాడిని పిలిచి పని ఇచ్చి భుజం తట్టేవాళ్ళు ఎవరున్నారు?

బాలమణి చివరి ముడి విప్పి లేచింది. మడతలన్నీ కలిపి ఒక మూట కట్టింది.

“ఇంగ నాలుగొద్దులాగితె మొలక గనపడుతుండె,” అంది.

“వచ్చే ఏటికి సారు ఏదన్న జేస్తడు.”

“ఏం జేస్తడు?”

కురుమయ్యకు తెలియదు. అడగలేదు కూడా. బాలమణి కాసేపు ఎర్ర గుడ్డల వైపు చూసి, మూట నెత్తిన పెట్టుకుని పాయ దాటింది. నీళ్ళు మోకాళ్ళ లోతే. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఒడ్డు ఎక్కేదాకా చూశాడు గానీ ఆమె తిరగలేదు.

మర్నాడు పొద్దున దిబ్బ మీద ట్రాక్టరు చక్రాల జాడలు కనబడ్డాయి. కురుమయ్య మొదట నమ్మలేదు. ఇసుక ట్రాక్టర్లు ఏటికి కొత్త కాదు. ఊరి మనిషి దినేష్, వెనకాల అందరూ ఇసుక దినేష్ అంటారు, రెండేళ్ళుగా కింది మలుపు దగ్గర తోడిస్తున్నాడు. అక్కడి నుంచి కొత్తకోట, కొత్తకోట నుంచి లారీల్లో హైదరాబాదు. కానీ ఈ దిబ్బ మీదికి ఎన్నడూ రాలేదు. నిండా కర్బూజ గుంతలుంటే ఎలా వస్తాడు? ఊరిమీద పడి బతికేవాడు, రేపు సర్పంచికి నిలబడాలనుకునేవాడు, పదిళ్ళవాళ్ళ గుడ్డల మీదినుంచి ట్రాక్టరు నడిపించడు.

జాడల వెంట పోతే నడుము లోతు తవ్విన గొయ్యి ఎదురైంది. దాని అంచున ఎర్ర గుడ్డ కర్ర విరిగి పడి ఉంది. తెల్లటి పెంకులు, పసుపు సొన ఇసుకకు అంటుకుని ముద్దలు కట్టాయి. కాకులు లేచి మళ్ళీ వాలాయి. కురుమయ్య గోతిలోకి దిగి చేతులతో వెతికాడు. పగలని గుడ్డు ఒక్కటీ దొరకలేదు.

పొరపాటున జరిగి ఉంటుందనుకున్నాడు. చీకట్లో కర్ర కనబడలేదేమో. కాస్త పైకి పోతే రెండో గొయ్యి. అక్కడా ఎర్ర గుడ్డే. ఆ పక్కన ఇంకొకటి. మధ్యనున్న దిబ్బంతా ఒక్క పార కూడా పడకుండా అలాగే ఉంది. గుడ్డ ఉన్నచోటే తవ్వారు, గుడ్డ లేనిచోట తవ్వలేదు. కురుమయ్యకు ఒళ్ళు మండిపోయింది. ఇది పొరపాటు కాదు, కావాలని చేసిన పనే. కానీ తాబేలు గుడ్ల మీద దినేష్‌కు ఏం కక్ష ఉంటుందో ఎంత ఆలోచించినా తట్టలేదు.

శ్రవణ్ కుమార్‌కు ఫోను చెయ్యాలని షేర్ ఆటో ఎక్కి ధరూర్ పోయాడు. ఫోన్ బూత్ పక్క చాయ్ హోటల్లో అబ్రార్ కనబడ్డాడు. దినేష్ ట్రాక్టరు నడిపే పిల్లాడు, ధరూర్ వాడే. మంచివాడు, ఎదురైతే పలకరించకుండా పోడు. జరిగి చోటిచ్చి, కురుమయ్య వద్దంటున్నా చాయ్ చెప్పాడు.

“నీ మెహర్బానీ కురుమన్నా. నీ ఎర్ర గుడ్డలు లేకుంటె మేం శానా పరేషాన్ అయితుంటిమి.”

కురుమయ్య గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. గుడ్డలతో నీకేం పని అని అడిగాడు.

“పైకి అంత ఒక్క తీర్గనే కనపడుతది గద అన్నా. ఒక్క కాడ తవ్వితె అడుసు, ఒక్క కాడ నీళ్ళు. డీజిల్ దండుగ అని దినేషన్న తిట్టుడు. నిన్న సూస్తె నీ గుడ్డ ఉన్న కాడల్ల పొడి ఇసుక, కడిగినట్టు. బలె హుషారుది అన్న ఆ తాబేలు. తడి ఉన్న కాడ పెట్టదు.” అబ్రార్ నిజంగానే మెచ్చుకుంటున్నాడు. “ఇంగ మాకు వెతుకుడు లేదు. సీదా గుడ్డ కాడికి పోతున్నం.”

కురుమయ్య గ్లాసు కింద పెట్టేశాడు.

దిబ్బ కడుపులో ఎక్కడ రేగడి పొర ఉందో, ఎక్కడ ఊట ఉందో ఏటి మనుషులకు తప్ప తెలియదు. వాళ్ళు దినేష్‌కు చెప్పరు. చెప్పినవాడు తనే. ఎర్రటి గుడ్డలు కట్టి, దూరానికి కనబడేట్టు కర్రలు పొడుగ్గా కొట్టి మరీ చెప్పాడు. గుడ్డ కట్టిన గుంతను ఎవరూ ముట్టరని అంత నమ్మకం. కొత్తకోటలో లారీ ఎక్కే ఇసుకకు చింతరేవు మర్యాద ఏం తెలుస్తుందని ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. తన బుద్ధిని తనే తిట్టుకున్నాడు. ఆ బుద్ధి చెప్పే కదా అక్కను దిబ్బ దింపింది.

ఫోనులో శ్రవణ్ కుమార్ అంతా విన్నాడు. విని, ట్రాక్టర్ల సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. గురువారం బెంగుళూరు నుంచి సింధూజ మేడం వస్తున్నారు, ఈ పని నిలవాలన్నా పోవాలన్నా ఆమె రాసే రిపోర్టే. ఆ రోజు ఏ గొడవా ఉండకూడదు. పడవా, భోజనాలూ దినేష్ గారే చూసుకుంటున్నారు, ఆయన దగ్గర ఏదో పర్మిట్ కూడా ఉందంటున్నారు. నువ్వు చెయ్యాల్సిందల్లా కొత్త గుడ్డలు కట్టడం, ఎర్రవే కట్టు, ఫోటోలో బాగా వస్తాయి. ఇంకా ఏదో అంటుండగా లైను పోయింది.

దిబ్బ చేరేసరికి నడినెత్తిన ఎండ. ట్రాక్టరువాళ్ళు తిండికి పోయే వేళ అది. కురుమయ్య కోటు విప్పి బోర్డుకు తగిలించి, మిగిలిన ఎర్ర కర్రలన్నీ పీకాడు. పీకినచోట మోకాళ్ళ మీద కూర్చుని, తువ్వాలును నిండుగా పరిచి నెమ్మదిగా లాగాడు. తాబేలు పొట్టతో ఎంత నున్నగా చేసి పోతుందో అంత నున్నగా అయ్యేదాకా లాగాడు. తన అడుగులు కూడా చెరుపుకుంటూ వెనక్కి వెనక్కి నడిచాడు. పోతూ పోతూ ఒక్కో చోటూ మనసులో గుర్తు పెట్టుకున్నాడు. వంగిన తుమ్మ మొద్దుకు ఇవతల, ఏట్లో ఉన్న నల్లగుండు రాయికి ఎదురుగా, బాలమణి మొదటి సాలు చివర.

కర్రల కట్ట భుజాన వేసుకుని దిబ్బ తోకకు దిగాడు. అక్కడ పైన తెల్లగా ఎండిన పొర, ఆవుపాల మీద మీగడ లాగా ఉంటుంది. కింద ఊబి. పుట్టి లాగుతూ ఒకసారి తొడల దాకా దిగబడి, హన్మంతు బావ తాడు విసిరితే బయటపడ్డ చోటు అది. తేలిగ్గా అడుగులేస్తూ, అంచు వెంట, కొంచెం లోపలికి, ఒక్కో కర్రా పాతాడు. గుడ్డలు గట్టిగా ముడి వేశాడు. ఆ పని చేస్తున్నంత సేపూ సంతోషంగానే ఉన్నాడు. చాలా రోజుల తర్వాత ఏటి మనిషిని అనిపించింది.

ఆ సంతోషం మర్నాడు పొద్దుటికి తీరిపోయింది. ఊళ్ళో కేకలు విని పరుగెత్తి పోతే, అబ్రార్ ట్రాక్టరు ముందు చక్రాలు కనబడకుండా దిగబడి ఉంది. ట్రాలీ ఒక పక్కకు ఒరిగింది. ఇంజను లోపలికి నీళ్ళు పోయి ఆగిపోయింది. అబ్రార్ నడుము దాకా బురదలో నిలబడి చక్రం కింద కంప తోస్తున్నాడు. ఊరివాళ్ళు తాడు కట్టి లాగుతున్నారు. కురుమయ్య కూడా తాడు పట్టుకున్నాడు, అరచేతులు ఒరుసుకుపోయేలా లాగాడు. ట్రాక్టరు కదిలినట్టే కదిలి ఇంకాస్త కూరుకుపోయింది.

దినేష్ వచ్చాడు. అబ్రార్‌ను గట్టుకు రమ్మని పిలిచాడు. పిల్లాడు బురద చేతులు లుంగీకి తుడుచుకుంటూ ఏదో చెప్పబోయాడు. దినేష్ చెంప మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఊరంతా చూస్తుండగా కొట్టాడు. అబ్రార్ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఏడుపు ఆపుకుంటూ తల వంచుకుని నిలబడ్డాడు. తాడు పట్టుకున్నవాళ్ళు తాడు వైపే చూశారు.

కొట్టడం అయ్యాక దినేష్ ఎర్ర గుడ్డల వైపు చూశాడు. తర్వాత కురుమయ్య వైపు చూశాడు. చిన్నగా నవ్వాడు. కురుమయ్య తట్టుకోలేకపోయింది ఆ నవ్వును కాదు, అబ్రార్ చెంప మీద బురదలో తేలిన వేళ్ళ జాడలను. చాయ్ తాగిస్తానన్న పిల్లాడికి తను తాగించింది ఇది. ఇసుక తవ్వించేవాడికి ఏమీ కాలేదు, తవ్వేవాడికి అయింది.

గురువారం మేడం వచ్చింది. జీపులు ఒడ్డున ఆగాయి. దినేష్ తెల్ల బట్టల్లో ఎదురొచ్చి, కొబ్బరి బోండాలు ఇప్పించి, పడవలో తనే చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఊరి పెద్ద మనిషి, మనకు మొదటి నుంచీ సహకరిస్తున్నారు అని శ్రవణ్ కుమార్ పరిచయం చేశాడు. సింధూజ మేడం నమస్కారం పెట్టింది. ట్రాక్టరును అంతకు ముందు సాయంత్రమే ఎడ్లు కట్టి లాగేశారు. చక్రాల జాడల మీద కంప ఈడ్చి చదును చేయించాడు దినేష్. తువ్వాలుతో తను చేసిన పనే అతనూ పెద్ద ఎత్తున చేయించాడని కురుమయ్యకు అర్థమైంది.

కురుమయ్య ఎర్ర గుడ్డలను దిబ్బ నడుమ పల్లంలోకి మార్చి ఉంచాడు. సారు ఫోటో తీసుకుని పోతాడనుకున్నాడు. తవ్వుతాడనుకోలేదు.

శ్రవణ్ కుమార్ మోకాళ్ళ మీద కూర్చుని, మేడం కెమెరా సిద్ధం చేసుకున్నాక, చేతులతో ఇసుక తీశాడు. జానెడు లోతులో నీళ్ళు ఊరాయి. ఇంకో గుడ్డ దగ్గరికి పోయాడు, అక్కడ అడుసు. మూడో చోట కూడా అడుసు రావడంతో, లేచి మోకాళ్ళు దులుపుకోవడం కూడా మరిచిపోయి కురుమయ్య వైపు చూశాడు. సింధూజ మేడం గొడుగు పట్టుకుని కాస్త పక్కకు, ఎత్తుకు పోయి నిలబడింది. నల్లగుండుకు ఎదురుగా. ఆమె చెప్పు మడమకు బెత్తెడు దూరంలో గుడ్లున్నాయి. జరగమనే మాట కురుమయ్యకు నోటి దాకా వచ్చింది. దినేష్ అతని కళ్ళనే చూస్తున్నాడు. కురుమయ్య చూపు నేల మీదికి దించుకున్నాడు.

“ఎక్కడున్నాయి కురుమయ్యా? పోయిన వారం నేనే చూశాను కదా,” అన్నాడు శ్రవణ్ కుమార్. గొంతులో కోపం కంటే బతిమాలడమే ఎక్కువగా ఉంది.

“చూపియ్యి కురుమయ్యా,” అన్నాడు దినేష్ మెత్తగా. “సారు అంత దూరంకెళ్ళి వచ్చిండు. అసలు జాగా ఏడనో నీకే గద ఎర్క. మేం గూడ సూస్తం.”

అతని వెనకాల కొత్త డ్రైవరు నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని, దిబ్బను కళ్ళతో కొలుస్తూ. చూపిస్తే ఉద్యోగం నిలుస్తుంది, మాట నిలుస్తుంది, మేడం ఫోటో తీసుకుంటుంది. పడవ అవతలికి పోగానే ఇంకో ట్రాక్టరు ఇవతలికి వస్తుంది. ట్రాక్టర్ల సంగతి అందరి ముందూ చెప్పేస్తే? ఫోనులో చెప్పాడు, విన్నారు. విన్నవాళ్ళే దినేష్ బోండాలు తాగుతున్నారు.

దినేష్ మేడం వైపు తిరిగాడు. మీరేమీ అనుకోవద్దు, ఈ ఏటి పక్క వాళ్ళకు తాబేలు కూర, గుడ్లూ అలవాటే, ఎంత చెప్పినా మానరు అన్నాడు. క్షమాపణ అడుగుతున్నట్టే అన్నాడు.

శ్రవణ్ కుమార్ ముఖం ఎర్రబడింది. “తిన్నారా?”

చిన్నప్పుడు తిన్నాడు. తినడం దాచుకోవాల్సిన పని అని అప్పుడెవరూ చెప్పలేదు. ఇప్పుడు తినలేదు. కురుమయ్య ఒకసారి ఊరి వైపు చూశాడు. అవతలి ఒడ్డున నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు బిందెలు పక్కన పెట్టి నిలబడి వింటున్నారు. ఏటి మీద మాట దూరం పోతుంది.

“తిన్నం సార్. అయిపోయినయ్. ఇంగ ఏం లేవు,” అన్నాడు.

దినేష్ నవ్వు ఆగింది. అతనొక్కడికే అది అబద్ధమని తెలుసు, తింటారని తనే అన్నాక అతనొక్కడూ ఆ మాట అనలేడు.

శ్రవణ్ కుమార్ కొట్టలేదు, తిట్టలేదు. నిన్ను ఎంత నమ్మాను అన్నాడు. కేసు పెట్టాలి, పెట్టించను, పో అన్నాడు. కోటు విప్పమన్నాడు. కురుమయ్య కోటు విప్పి, ఈల మెడలోంచి తీసి కోటు జేబులో పెట్టి, మడత పెట్టి ఇచ్చాడు. లోపలి చొక్కా వీపున చిరిగి ఉంది. మేడం ముఖం తిప్పుకుంది. పడవలో వాళ్ళతో పాటు ఎక్కమని ఎవరూ అనలేదు. నడిచి పాయ దాటాడు. అరిచి చెప్పాలని ఉంది. నీళ్ళలో నిలబడి ముఖం కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు.

ఒడ్డెక్కేసరికి ఆడవాళ్ళు దారి ఇచ్చారు. ఎవరో వెనక నుంచి గుడ్ల కురుమయ్య అన్నారు, ఎవరో నవ్వారు. ఆ పేరు ఇక పోదని అతనికి తెలుసు.

బస్సు ఆగే చోట పట్నానికి కూలీలను తీసుకుపోయే మేస్త్రీ డీసీఎం వ్యాన్ నిలబడి ఉంది. గోపాల్‌పేట దిక్కు నుంచి కొందరిని ఎక్కించుకునే వచ్చింది. చాపలు, తట్టలు, సత్తు గిన్నెలు ఎక్కిస్తున్నారు. హన్మంతును ముందే ఎక్కించి బస్తాలకు ఆనించి కూర్చోబెట్టారు. బాలమణి కింద నిలబడి ఉంది. తమ్ముణ్ణి చూసి, చిరిగిన చొక్కా చూసి, దగ్గరికి వచ్చింది. హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల పని, కంకర మొయ్యాలట, మూడో అంతస్తు లేస్తోందట. ఎప్పుడు కుదుర్చుకుందో అతనికి చెప్పలేదు.

“తిన్నవా?” అంది.

“లే అక్కా. ఉన్నయ్. ఏడియాడనే ఉన్నయ్.”

“మల్ల తిన్నమని ఎందుకన్నవ్?”

“దినేష్ ఉండె గద ఆడ.”

అర్థం కావడానికి బాలమణికి ఎంతో సేపు పట్టలేదు. పట్టదు కూడా, ఆ గుంతల మధ్యే పెరిగింది. తల తిప్పి ఏటి వైపు చూసింది.

“తిన్నా బాగుండు,” అంది చివరికి. “మన కడుపులకన్న పోతుండె.”

కురుమయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆగు అక్కా, గుంతలు మళ్ళీ పెడదాం అన్నాడు. మేస్త్రీ దగ్గర పైసలు తీసుకున్నాం, అవి బావ మందులకే పోయాయి, ఇక ఆగేదెట్లా అంది ఆమె. కోపం లేకుండానే అంది, అదే అతనికి ఎక్కువ తగిలింది.

“ఇసుక పోయిన కాడికే మేం గూడ పోతున్నం పో. ఆడ కనపడితె నీ దిబ్బదేనా అని అడుగుత.”

మేస్త్రీ పిలిచాడు. బాలమణి ఒక కాలు చక్రం మీద పెట్టి, ఆగి, చంకలోంచి మూట తీసింది. ఆకుపచ్చ గుడ్డల మూట. ఆడ వీటితో ఏం పని అని అతని చేతిలో పెట్టింది. వ్యాన్ కదిలాక ఆమె చెయ్యి ఊపలేదు, హన్మంతు ఊపాడు.

కురుమయ్య ఇంటికి పోలేదు. పార తీసుకుని తిరిగి పాయ దాటాడు. బోర్డు పక్కనుంచే ఎక్కాడు. ఎర్ర కర్రలన్నీ పీకి, గుడ్డలు విప్పి ఏట్లో వదిలేశాడు. బాలమణి గుంతలు కొన్ని పూడిపోయాయి గానీ ఎరువు అలాగే ఉంది. ఒకచోట ఇసుక పైకి లేచి, రెండాకుల మొలక వంకరగా బయటికి వచ్చింది. నీళ్ళు పోసేవాళ్ళు లేకపోయినా వచ్చింది. దాన్ని చూసి అతనికి సంతోషం కలగలేదు, అక్క మీద ఇంకా బెంగ పుట్టింది. ఆ మొలక పక్కన కర్ర పాతి ఆకుపచ్చ గుడ్డ కట్టాడు. తర్వాత గుంతకు ఒకటి. సాలు చివర, గుంత లేనిచోట, నున్నగా ఉన్న ఇసుక పక్కన ఇంకొకటి. నల్లగుండుకు ఎదురుగా ఒకటి. వంగిన తుమ్మ మొద్దుకు ఇవతల ఒకటి. పొద్దు వాలేసరికి దిబ్బంతా ఆకుపచ్చ గుడ్డలే. ఏది కర్బూజదో ఏది తాబేలుదో కట్టినవాడు తప్ప చెప్పలేడు.

శుక్రవారం పొద్దున ట్రాక్టరు పాయ దాటి వచ్చింది. నడిపేది అబ్రార్. దినేష్ మళ్ళీ పిలిపించుకున్నాడు. చెంప ఇంకా కమిలి ఉంది. కొత్త డ్రైవరు బండి మీద పక్కన కూర్చున్నాడు. ఆకుపచ్చ గుడ్డలు చూసి అబ్రార్ ఇంజను ఆపాడు. కురుమయ్య గుంతకు నీళ్ళు పోస్తూ ఉన్నాడు, లేవలేదు. పిల్లాడి ముఖం చూసే ధైర్యం లేక బిందె వైపే చూశాడు.

“ఎర్రవి ఏమాయె అన్నా?” అన్నాడు అబ్రార్.

“తిన్నం గద. ఊరంత ఎర్కనే.”

అబ్రార్ అతని వైపు చూశాడు. ఊబిలో కర్రలు ఎవరు పాతారో అతనికి తెలుసు. దినేష్ ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదని కురుమయ్యకు తర్వాతెప్పుడో తెలిసింది.

కొత్త డ్రైవరు విసుక్కున్నాడు. ఎవరివి ఇవన్నీ, మనుషులే లేరు కదా, తొక్కించుకుంటూ పోనీ అన్నాడు. అవతలి ఒడ్డున ఆడవాళ్ళు బిందెలు దించి మళ్ళీ నిలబడ్డారు. దిబ్బ మీద గుడ్డలు చూసి ఒకామె ఇంటి వైపు కేక వేసింది, పాత చీరలు తీయమని కాబోలు.

“ఎవరివి అన్నా?” అని అడిగాడు అబ్రార్ కూడా, గట్టిగా, ఒడ్డుదాకా వినబడేట్టు.

కురుమయ్య బిందె కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

“మా అక్కవి. పనికి పోయింది, వస్తది,” అన్నాడు.

అబ్రార్ ట్రాక్టరును వెనక్కి తిప్పాడు. రేపు దినేష్ తనే వస్తాడు, అది ఇద్దరికీ తెలుసు. కురుమయ్య బిందె ముంచుకుని తర్వాతి గుంతకు పోశాడు. ఆ తర్వాతి దానికి పోయకుండా దాటిపోయాడు. అక్కడ తడి తగలకూడదు.